గాలి రాకముందే కరెంటు తీసేశారెందుకు?

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్‌కి మా బాబాయిని పిలిచాను. విద్యుత్ శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, ఏడీఈగా, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా శ్రీకాకుళం, విశాఖపట్నం చుట్టుపక్కలే. బాబాయ్, పెద్ద ప్రశ్నలు తర్వాత. ముందు మనింటి తగువు తేలుద్దాం. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను మధ్యాహ్నం విశాఖ దగ్గర తీరం దాటింది. మా ఇంట్లో మాత్రం తెల్లవారుజామునే కరెంటు పోయింది. గాలికి పోలేదు, తీసేశారు అని నానమ్మ ఇప్పటికీ అంటుంది.

బాబాయ్: తీసేశామమ్మా. సబ్‌స్టేషన్ నుంచి మీ వీధులకి వచ్చే లైనుని ఫీడర్ అంటాం. దాని బ్రేకర్, అంటే పెద్ద స్విచ్, తీసేయమని సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసింది నేనే.

హోస్ట్: ఇంకో నాలుగు గంటలు ఉంచి ఉంటే ఫోన్లు ఛార్జ్ అయ్యేవి, పైన ట్యాంకు నిండేది.

బాబాయ్: ఆ నాలుగు గంటలు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ అప్పటికే కొమ్మలు విరిగి లైన్ల మీద పడుతున్నాయి. కరెంటున్న తీగ తెగి వాననీళ్ళలో పడితే, పాల ప్యాకెట్ కోసం బయటికొచ్చిన మనిషికి అది కనపడదు. అదొకటి. రెండోది ట్రాన్స్‌ఫార్మర్. గాలికి తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడల్లా షార్ట్ అవుతుంది. ఆ దెబ్బ సబ్‌స్టేషన్‌లో ఉన్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. బ్రేకర్ పడిపోతుంది, మళ్ళీ వేస్తాం, మళ్ళీ పడిపోతుంది. అలా దెబ్బ మీద దెబ్బ తింటే లోపల వైండింగ్, అంటే తీగ చుట్టలు, పాడవుతుంది. స్తంభం విరిగితే ఇంకోటి పాతుకోవచ్చు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఇంకోటి లారీ మీద రావాలి. ఆ రోజు విశాఖలో లారీ కదలడానికి దారెక్కడుంది? రోడ్లన్నీ చెట్లే.

హోస్ట్: ఈ మాట ముందురోజే చెప్పి ఉంటే ట్యాంకులు నింపుకునేవాళ్ళం కదా.

బాబాయ్: చెప్పాల్సింది. ఆటోకి మైకు కట్టి రెండు వీధులు తిప్పినా చాలేది. అది నేను చేయలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తర్వాత 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస వైపు వస్తోందన్నప్పుడు ముందు చేసిన పని అదే.

హోస్ట్: హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్లన్నారు. స్తంభాలు అంత గాలికి తట్టుకునేలా కట్టరా?

బాబాయ్: ఒక లెక్క చెబుతాను. గాలి వేగం రెట్టింపయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. 90కి నిలబడ్డ స్తంభం మీద 180కి నాలుగు రెట్ల తోపు పడుతుందన్నమాట. అయినా నేను చూసినంతలో ఒట్టి గాలికి విరిగినవి తక్కువ. చెట్టు తీగ మీద పడింది, తీగ స్తంభాన్ని లాగింది, ఆ స్తంభం పక్కదాన్ని లాగింది. వరసంతా ఒకే వైపుకి పడుకుని ఉండేది. అందుకే మధ్యమధ్యలో ఒక గట్టి స్తంభం, దాన్ని రెండు వైపులా నేలకి లాగి కట్టే స్టే వైర్లు ఉండాలి. పడిపోవడం అక్కడితో ఆగుతుంది. ఇంకో సంగతి, తుఫాను కన్ను ఊరి మీదుగా పోయింది, గుర్తుందా?

హోస్ట్: ఉంది. ఒక్కసారి గాలి ఆగిపోయింది. అయిపోయిందనుకుని అందరం మేడ ఎక్కాం.

బాబాయ్: తర్వాత గాలి ఎదురు దిక్కు నుంచి అందుకుంది. మొదటి గాలికి ఒక పక్కకి వంగి, ఎలాగో నిలబడ్డ స్తంభాలు రెండో గాలికి పోయాయి. నిలబడ్డ లైన్లకి కూడా వెంటనే కరెంటు ఇవ్వలేం. సముద్రపు తుంపర ఎగిరొచ్చి, తీగలోని కరెంటు స్తంభానికి రాకుండా ఆపే ఇన్సులేటర్ల మీద ఉప్పు పొరలా పట్టేస్తుంది. అది తడిగా ఉండగా ఛార్జ్ చేస్తే దాని మీదుగానే కరెంటు దూకుతుంది. కడిగి, తుడిచి, అప్పుడు ఇవ్వాలి.

హోస్ట్: నేను చదువుతుంటే ఆశ్చర్యమేసిన విషయం ఒకటుంది. తుఫానులో కరెంటు చాలకపోవడం కాదు, ఎక్కువైపోవడమే గ్రిడ్‌కి, అంటే ప్లాంట్లనీ ఊళ్ళనీ కలిపే లైన్ల వలకి, టెన్షన్ అట.

బాబాయ్: అవును. గ్రిడ్‌లో ఎంత వాడుతున్నారో అంతే తయారవుతూ ఉండాలి. ఆ తూకం ఫ్రీక్వెన్సీలో కనిపిస్తుంది. కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, దాన్నే 50 హెర్ట్జ్ అంటాం. మన దేశంలో 49.90, 50.05 మధ్య ఉంచాలని నియమం. ఊరికి ఊరు లైన్లు పడిపోతే వాడకం ఒక్కసారిగా తగ్గిపోతుంది, ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. అప్పుడు ప్లాంట్లలో ఉత్పత్తి తగ్గించాలి. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. హుద్‌హుద్ వచ్చింది ఆ తర్వాత పది నెలలకి. విశాఖలో పడిపోయిన లోడు, అంటే వాడకం, దేశమంతటి గ్రిడ్ లెక్కలో చిన్నదైపోయింది. అదే విడిగా ఉన్న గ్రిడ్ అయితే ఆ కుదుపు బాగా తెలిసేది. వోల్టేజీ మాత్రం ఎక్కడికక్కడే చూసుకోవాలి. పొడవాటి పెద్ద లైను లోడు లేకుండా ఖాళీగా ఉంటే చివర వోల్టేజీ పెరిగిపోతుంది. వోల్టేజీని కిందికి దించే రియాక్టర్లనే కాయిళ్ళు వేస్తారు, అవసరమైతే కొన్ని లైన్లు తీసేస్తారు.

హోస్ట్: విడిగా ఉన్న గ్రిడ్ అంటే డాలస్ అక్క గుర్తొచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఫోన్ చేసి, ఇంట్లో అందరం స్వెటర్ల మీద స్వెటర్లు వేసుకుని ఒకే గదిలో ఉన్నామంది. అమెరికాలో కరెంటు లేదంటే మేమెవరం నమ్మలేదు.

బాబాయ్: టెక్సస్‌లో చాలా భాగానికి సొంత గ్రిడ్. పక్క రాష్ట్రాలతో కలిపే లింకులు చాలా తక్కువ. ఆ మంచుకి గ్యాస్ బావులు, పైపులు, ప్లాంట్లు అన్నీ గడ్డకట్టాయి. హీటర్ల వాడకం పెరిగింది. అక్కడ 60 హెర్ట్జ్ ఉండాలి. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున అది 59.4 కన్నా కిందికి పోయి నాలుగు నిమిషాలకి పైగా అక్కడే ఉంది. తొమ్మిది నిమిషాలు ఉండి ఉంటే ప్లాంట్లు వాటంతటవే విడిపోయేవి. అప్పుడు రాష్ట్రమంతా చీకటే, మళ్ళీ లేపడానికి వారాలు పట్టేది. దాన్ని ఆపడానికి దాదాపు 20 వేల మెగావాట్ల లోడు తీసేశారు. వాళ్ళ ప్రభుత్వ లెక్కలోనే ఆ చలి రోజుల్లో 246 మంది చనిపోయారు.

హోస్ట్: తీసేయడం తప్పలేదు కదా మరి?

బాబాయ్: తప్పలేదు. కానీ తీసిన ఫీడర్లలో కొన్నింటి మీద గ్యాస్ కంప్రెసర్లు ఉన్నాయి. కరెంటు పోయేసరికి అవి ఆగాయి, అవి ఆగేసరికి ప్లాంట్లకి గ్యాస్ ఇంకా తగ్గింది. ఇవి ముఖ్యమైనవి, తీయకూడదు అని జాబితాలో ముందే రాయించుకోని గ్యాస్ సంస్థలు చాలా ఉన్నాయి. నా ఉద్యోగమంతా నేను మొత్తుకున్నది ఇదే. ఏ ఫీడర్ చివర ఎవరున్నారో మామూలు రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి. గాలి మొదలయ్యాక ఆ లెక్క తీయడం ఎవరి వల్లా కాదు.

హోస్ట్: నీ దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది.

బాబాయ్: ఇంకా ఉంది. ఆసుపత్రులు, మంచినీళ్ళ పంపుహౌసులు, సెల్ టవర్లు, ఏది ఏ 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల, ఫీడర్ మీద ఉందో, రెండో వైపు నుంచి ఇచ్చే దారి ఉందో లేదో. హుద్‌హుద్ తర్వాత ఆ వరసలోనే వెళ్ళాం. ముందు 33 కేవీ లైన్లు, సబ్‌స్టేషన్లు, ఆ తర్వాత ఆసుపత్రి, పంపుహౌసు. నీళ్ళు లేక జనం డ్రమ్ములు పట్టుకుని రోడ్డు మీదున్నారు. మీ వీధి ఫీడర్‌కి చిట్టచివర, దాని మీద ముఖ్యమైనదేదీ లేదు.

హోస్ట్: మాకు దీపావళికి రెండు రోజుల ముందు వచ్చింది. తొమ్మిది రోజులు. కొడుకు కరెంటాఫీసులో ఉండి కూడా ఇదేంటని నానమ్మని వీధంతా అడిగారు.

బాబాయ్: నన్నూ అడిగింది. జాబితాలో అమ్మ ఇల్లు పైకి జరపలేను కదమ్మా.

హోస్ట్: లైన్‌మన్ల గురించి చెప్పు.

బాబాయ్: వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు స్కూళ్ళలో పడుకున్నారు. 2019 మేలో ఫణి తుఫాను వచ్చినప్పుడు మనవాళ్ళు ఒడిశా వెళ్ళారు. ఇందులో రాష్ట్రాల తేడా ఉండదు. నాకు ఎప్పుడూ ఉన్న భయం ఒకటే, అపార్ట్‌మెంట్ల జనరేటర్లు. ఎల్‌సీ, అంటే లైన్ ఆపేశామన్న అనుమతి, తీసుకుంటాం, లైన్లో కరెంటు లేదనుకుని మనిషి స్తంభం ఎక్కుతాడు. ఎక్కడో ఒకరు ఇంటిని వీధి లైను నుంచి విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కలిపేసి ఉంటారు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులని 400కి దించుతుంది కదా, వెనక నుంచి కరెంటిస్తే అదే 11 వేలకి ఎక్కిస్తుంది. ఒకసారి మా కుర్రాడు తీగ ముట్టుకునే ముందు దాన్ని నేలకి కలిపే ఎర్త్ రాడ్డు వేశాడు, నిప్పులు లేచాయి. ఆ రాడ్డు వేయకపోతే వాడు లేడు.

హోస్ట్: ఇప్పుడు విశాఖలో చాలాచోట్ల కేబుళ్ళు భూమిలోకి వెళ్ళాయి. ఇక బెంగ లేదా?

బాబాయ్: హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో చేశారు, మంచి పని. గాలి భయం పోయింది. నీటి భయం పోలేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం కదా, నీళ్ళు తగ్గేదాకా సరఫరా ఇవ్వడానికి లేదు. సబ్‌స్టేషన్లు, వీధి పెట్టెలు వరద మట్టం కన్నా ఎత్తులో ఉండాలి. కేబుల్ భూమిలో పాడైతే ఎక్కడ పాడైందో వెతకడానికే టైమ్ పడుతుంది. పైన తీగ తెగితే కంటికి కనపడుతుంది.

హోస్ట్: చివరగా, వినేవాళ్ళు చేయగలిగింది ఏదైనా ఉందా?

బాబాయ్: ఉంది. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ మీద ఎవరైనా ఉంటే, ఎండాకాలంలోనే మీ సెక్షన్ ఆఫీసుకి, అంటే మీ ఏరియా కరెంటాఫీసుకి, వెళ్ళండి. బిల్లు మీద సర్వీస్ నంబరు ఉంటుంది, అది చెప్పి రాయించండి. వెళ్ళలేకపోతే 1912కి ఫోన్ చేయండి. నా నోట్‌బుక్‌లో అలాంటి ఇళ్ళు మూడే ఉండేవి, అవి కూడా ఎవరో దారిలో ఆపి చెబితే రాసుకున్నవి. ఆ సెక్షన్‌లో అంతకన్నా ఎక్కువే ఉండి ఉంటాయి.