ముక్కు మీది గాయానికీ ఒక రిజిస్టరు కావాలి

(నర్సుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ మేడమ్‌కి, ట్యూటర్లకి, రిటైరయ్యాక కూడా నన్ను గుర్తుపెట్టుకుని పిలిచిన నా తోటి సిస్టర్లకి, నర్సింగ్ చదువుతున్న పిల్లలకి, వెనక నిలబడ్డ ఆయమ్మలకి పేరుపేరునా నమస్కారం. ఆయమ్మలూ, ముందుకొచ్చి కూర్చోండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి మాట్లాడమన్నారు. 1820 మే 12న పుట్టింది, క్రిమియా యుద్ధంలో సైనికులకు సేవ చేసింది. చేతిలో దీపం పట్టుకున్న ఆవిడ బొమ్మ మీ అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆవిడ లెక్కలంటే గౌరవం. ఏ సైనికుడు దేనివల్ల పోయాడో నెలనెలా లెక్కగట్టి, 1858లో ఆ లెక్కల్ని పటంగా గీసి మరీ చూపించింది. యుద్ధంలో తగిలిన గాయాలకన్నా, ఆపగలిగిన జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువని తేల్చింది. ఊరికే చెబితే ఎవరు వింటారు? కాగితం మీద పెట్టింది కాబట్టి విన్నారు.

ఆవిడ పుట్టి రెండొందల ఏళ్లయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే మనం కోవిడ్ వార్డుల్లోకి వెళ్లాం. మార్చి 22 సాయంత్రం జనం చప్పట్లు కొట్టారు, పళ్లేలు మోగించారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ రోజు వాళ్లు మనసుతోనే కొట్టారు, దాన్ని నేను తక్కువ చెయ్యను.

కానీ మే నెల గురించి ఎవరూ మాట్లాడరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. ఆ ఎండల్లో, ఏసీ ఆపేసిన వార్డులో, పీపీఈ కిట్టు తొడుక్కుని డ్యూటీ. బాత్రూముకి వెళ్లే వీలుండదని మంచినీళ్లు కూడా మానేసి లోపలికి వెళ్లేవాళ్లం.

మా వార్డులో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. కొత్తగా చేరింది, చిన్న మొహం, సన్నటి ముక్కు. మాకొచ్చిన ఎన్95 మాస్కులన్నీ ఒకటే సైజు. పక్కనుంచి గాలి పోకుండా ఉండాలని ఆ పిల్ల ముక్కు మీది పట్టీని బలంగా నొక్కేది, తలవెనక ఎలాస్టిక్‌కి ముడేసేది. వారం తిరక్కుండానే ముక్కు దూలం మీద గీత పడింది. గీత పుండయింది. దానిమీద చెమట జారితే ఉప్పు రాసినట్టే. కిట్టు విప్పే డాఫింగ్ గదిలో మాస్కు తీసి, అడుగున అంటించుకున్న మైక్రోపోర్ టేపు లాగితే దాంతోపాటు పైచర్మం ఊడొచ్చేది. మళ్లీ మర్నాడు ఆ పుండు మీదే మాస్కు.

నేను ఒక అర్జీ రాసుకుని పై అధికారి దగ్గరికి వెళ్లాను. రెండు గంటలకోసారి బయటికొచ్చి మాస్కు తీసే వీలివ్వండి, చిన్న సైజు మాస్కులు కావాలని స్టోర్స్‌కి ఇండెంట్ పెట్టండి, మాస్కు కింద అంటించుకునే పల్చటి సిలికాన్ పట్టీలు ఇప్పించండి. ఇవే అడిగాను. ఆయన కాగితం పూర్తిగా చదవలేదు. "జనం చచ్చిపోతుంటే మొహమ్మీద మచ్చల గోలేంటి సిస్టర్?" అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. మచ్చల గోలా అది? పిల్లలూ, మీరు చెప్పండి. పుండు దురద పెడితే చెయ్యి ఎక్కడికి పోతుంది? పేషెంటును ముట్టుకున్న గ్లౌజుతోనే ముక్కు దగ్గరికి పోతుంది. నొప్పి భరించలేక ఆ అమ్మాయి మాస్కు పట్టీ కింద కట్లు కట్టే గాజ్ గుడ్డ మడతపెట్టుకుంది. మాస్కుకీ బుగ్గకీ మధ్య సందు పడింది. కళ్లద్దాలకు ఆవిరి పడుతుంటే నేను కనిపెట్టాను. గాలి పైనుంచి పోతోందన్నమాట. అంటే తొంభై అయిదు శాతం వడపోసే మాస్కు పెట్టుకుని కూడా ఆ పిల్ల వడపోయని గాలి పీలుస్తోంది. ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి కాదా?

ఇది మన ఊళ్లోనే కొత్తగా వచ్చిన బాధ కాదు. 2003లో కోవిడ్ లాంటిదే సార్స్ అనే జబ్బు వచ్చినప్పుడు సింగపూర్‌లో అడిగి చూస్తే, ఎన్95 రోజూ వాడిన సిబ్బందిలో మూడో వంతుకు పైగా మొటిమలో దురదో దద్దురో వచ్చాయన్నారు. 2020లో చైనాలోని హుబెయ్‌లో కోవిడ్ సిబ్బంది 542 మందిని అడిగితే 97 శాతానికి చర్మం దెబ్బతింది, అన్నిటికన్నా ఎక్కువగా ముక్కు దూలం. ఆరు గంటలు దాటి పెట్టుకున్నవాళ్లకి మరీ ఎక్కువ. మన డ్యూటీలు ఎన్ని గంటలో మీకు తెలుసు.

పట్టీ ఒత్తిన చోట రక్తం సరిగ్గా ఆడదు. లోపల ఊపిరి తేమా చెమటా చేరి చర్మం నానిపోతుంది, నానింది రాపిడికి ఆగదు. కొందరికి ఎలాస్టిక్ రబ్బరులో కలిపే రసాయనాలు పడవు, కొందరికి ముక్కు తీగలో నికెల్ ఉంటే పడదు. ఇంకోటి. మన చామనచాయ మీద, నలుపు మీద ఎరుపు త్వరగా కనపడదు. పుస్తకంలో తెల్లవాళ్ల ఫొటో చూసి "ఏం లేదులే" అనకండి. వేలితో తడమండి. వేడిగా, గట్టిగా, నొప్పిగా ఉంటే మొదలైనట్టే.

ఆ అమ్మాయికి పుండు మానాక నల్లమచ్చ మిగిలింది. పెళ్లిచూపులున్నాయని వాళ్లమ్మ బెంగపెట్టుకుని, మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చింది. స్టెరాయిడూ ఫంగస్ మందూ కలిపిన రకం. మొదట్లో తెల్లగా, నున్నగా అయింది. తర్వాత మొహమంతా ఎర్రబడి, మొటిమలొచ్చి, ఆపితే మంట. దానిమీద మాస్కు మూసి ఉంటే మందు ఇంకా లోపలికి దిగుతుంది. దయచేసి ఎవరూ డాక్టర్ చెప్పకుండా అలాంటివి రాయకండి. డ్యూటీకి అరగంట ముందు మామూలు మాయిశ్చరైజర్ రాసుకుంటే చాలు. మాస్కు అంచు ఆనే చోట వాజలైన్ మందంగా పట్టించకండి, మాస్కు జారుతుంది. మాస్కు కింద సిలికాన్ పట్టీ అంటించుకుంటే ప్రతిసారీ పక్కనుంచి గాలి పోతోందేమో చూసుకోండి.

ఇక ఆయమ్మల సంగతి. మాకు ఎన్95 అయినా ఇచ్చారు. వార్డు ఊడ్చి, బ్లీచింగ్ నీళ్లతో తుడిచే ఆవిడకు సర్జికల్ మాస్కులు రెండు, ఒకదానిమీద ఒకటి. నాలుగు ఎలాస్టిక్‌లూ చెవుల మీదే. చెవి వెనక కోసుకుపోతే, ఆవిడ రవికె పిన్నీసు తీసి రెండువైపుల ఎలాస్టిక్‌నీ జడ వెనక కలిపి పెట్టుకుంది. మాకెవరికీ తట్టని ఉపాయం. ఆ చెవిని ఏ డాక్టరూ చూడలేదు, ఏ కాగితంలోనూ ఎక్కలేదు.

నేనడిగేది ఒక్కటే. సూది గుచ్చుకుంటే మనకు రిజిస్టరుంది. తేదీ, వేళ, వార్డు అన్నీ రాస్తాం, మందులిస్తారు. మాస్కు గాయానికి ఎందుకు లేదు? 2020లో మనం రాయలేదు, అందుకే మన దగ్గర చూపించడానికి ఒక్క అంకె కూడా లేదు. నైటింగేల్ దండలేయించుకోవడానికి లెక్కలు రాయలేదమ్మా.

కోవిడ్ అయిపోయింది కదా అంటారు. టీబీ వార్డులో సిస్టర్లు ఇవాళ కూడా ఎన్95 పెట్టుకునే ఉన్నారు. ఫారం నమూనా ఒకటి రాసి తెచ్చాను. పేరు, వార్డు, మాస్కు రకం, సైజు, ఎన్ని గంటలు, గాయం ఎక్కడ, ఏం వైద్యం చేశారు. కాంట్రాక్టు వాళ్లకీ శానిటేషన్ వాళ్లకీ ఇదే ఫారం, వేరే ఏదీ పెట్టొద్దు. ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గర ఉంచాను, జిరాక్స్ తీయించుకోండి. ఇక్కడున్న నర్సింగ్ సూపరింటెండెంట్లు ఈ నెల మీటింగులోనే దీన్ని ఎజెండాలో పెట్టండి. సంతకం కావాలంటే నేనొచ్చి పెడతాను.