పర్లాకిమిడిలో మా ఇంటి గోల్ఫ్ రాత్రులు: సాహిత్ తీగల కోసం మేలుకున్న కథ

హాయ్ అండీ అందరికీ. ఈసారి వ్లాగ్ అరిజోనా నుంచి కాదు, మా పుట్టింటి నుంచి. పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే పాతపట్నం, అక్కడి నుంచి శ్రీకాకుళం జిల్లా మొదలు. వెనకాల కనిపిస్తున్నది మా డాబా, ఆ ట్యాంకు పక్కన కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నది మా నాన్న. ఆయన చూస్తున్నది వార్తలు కాదు, సీరియల్ కాదు, గోల్ఫ్ స్కోరు. నిజంగానే. అది ఎలా మొదలైందో చెప్పమని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ వీడియో మొత్తం దాని గురించే.

మేం ఉండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో. అక్కడి నుంచి స్కాట్స్‌డేల్ దగ్గరే. ప్రతి ఫిబ్రవరిలో అక్కడ ఫీనిక్స్ ఓపెన్ అనే గోల్ఫ్ టోర్నమెంటు జరుగుతుంది. మా ఆయన ఆఫీసువాళ్లతో వెళ్తుంటే నేనూ వెళ్లాను, అలా అలవాటైంది. గోల్ఫ్ అంటే అందరూ నిశ్శబ్దంగా చప్పట్లు కొట్టే ఆట అనుకుంటాం కదా, ఫీనిక్స్‌లో పదహారో హోల్ దగ్గర మాత్రం అలా ఉండదు (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి బంతి పడాల్సిన గుంట దాకా ఉన్న మైదానం ముక్కనీ, ఆ గుంటనీ కూడా హోల్ అనే అంటారు). చుట్టూ స్టేడియంలా గ్యాలరీలు, వేలమంది జనం, మంచి షాట్ పడితే ఊగిపోతారు, చెత్త షాట్ పడితే ముఖం మీదే అరిచేస్తారు. 2022లో శనివారం శామ్ రైడర్ అనే ఆటగాడు అక్కడ ఒక్క దెబ్బకే బంతిని హోల్‌లో వేశాడు, ఇంక చూడండి, నాలుగు వైపుల నుంచీ బీరు డబ్బాలు గ్రీన్ మీదకి, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదకి, వర్షంలా పడ్డాయి, వాటిని ఏరేదాకా ఆట ఆగిపోయింది.

కానీ నన్ను ఈ ఆటకి కట్టిపడేసింది ఆ గోల కాదు. ఆ మర్నాడు ఆదివారం, పదిహేడో హోల్.

ఆ హోల్ చిన్నది, 332 గజాలు, గట్టిగా కొడితే మొదటి షాట్‌కే గ్రీన్ దాకా వెళ్లొచ్చు, కానీ ఎడమ పక్కన నీళ్లు. సాహిత్ తీగల అనే కుర్రాడు, అప్పటికి 24 ఏళ్లు, మూడు రోజులు అయ్యేసరికి ఒక షాట్ ఆధిక్యంలో ఉన్నాడు. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు, తను పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో. ఆ టోర్నమెంటుకి నేరుగా అర్హత కూడా లేదు, స్పాన్సర్లు ఇచ్చిన చోటుతో ఆడుతున్నాడు. నేను గ్రీన్ దగ్గర తాడు పక్కన నిలబడి ఉన్నాను. బంతి వచ్చింది, బాగానే పడింది అనుకున్నాం, ఎడమకి ఎగిరి దొర్లుకుంటూ దొర్లుకుంటూ నీళ్లలోకి. జనమంతా ఒక్కసారి "అయ్యో" అన్నట్టు మూలిగారు. ఒక్క షాట్ తేడాతో ప్లేఆఫ్ (సమానంగా ముగించినవాళ్ల మధ్య ఆడించే అదనపు పోటీ) పోయింది. స్కాటీ షెఫ్లర్ ప్లేఆఫ్‌లో ప్యాట్రిక్ కాంట్లేని ఓడించి తన మొదటి పీజీఏ టూర్ (అమెరికాలో జరిగే పెద్ద ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల వరస) టైటిల్ గెలిచాడు, ఈ అబ్బాయి మూడో స్థానం పంచుకున్నాడు. ఆట అయ్యాక వాళ్ల అమ్మానాన్నలను పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఫోన్‌లో అది చూస్తూ పార్కింగ్‌లో నిలబడి ఏడ్చేశాను, మా ఆయన కారు తాళం పట్టుకుని ఏమీ అనకుండా పక్కన నిలబడ్డారు.

క్రికెట్‌లో మనకి జట్టు ఉంటుంది, ఓడితే పదకొండుమందికీ పంచి తిడతాం. ఇక్కడ ఒక్కడే. ఆ ఒక్కడి వెంట నాలుగు గంటలు, ఒక్కోసారి అయిదు గంటలు నడుస్తాం, మంచి షాట్ కొట్టాక ముఖం ఎలా ఉందో చూస్తాం, చెడ్డ షాట్ కొట్టి బంతి దాకా నడిచే ఆ రెండొందల గజాలూ అతను ఏం చేస్తున్నాడో, క్లబ్బుల సంచీ మోసే కేడీతో ఏమంటున్నాడో, తల దించుకున్నాడా ఎత్తుకున్నాడా అన్నీ చూస్తాం. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఒక ఆటగాణ్ణి చూసే అవకాశం ఇంకే ఆటలోనూ నాకు కనబడలేదు.

ఇప్పుడు నాన్న సంగతి. 2023 సెప్టెంబరులో నేను ఇక్కడే ఉన్నాను, వినాయక చవితికి వచ్చాను. అదే వారం కాలిఫోర్నియాలో నాపా దగ్గర సిల్వరాడోలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ అనే టోర్నమెంటు. సాహిత్ గురువారం 68 దెబ్బల్లో ముగించాడు, శుక్రవారం 64, శనివారం 67. ఆదివారం మొదలయ్యేసరికి రెండు షాట్ల ఆధిక్యం. అక్కడికీ ఇక్కడికీ పన్నెండున్నర గంటల తేడా, అంటే అక్కడ ఆదివారం మధ్యాహ్నం అంటే మనకి అర్ధరాత్రి దాటి సోమవారం. ఆ సోమవారమే, 18వ తేదీ, మా ఇంట్లో చవితి. ఎదురింటి మావుసీ (ఒడియాలో పిన్ని) వాళ్లకి మాత్రం మర్నాడు 19న. మా వీధిలో ఇది మామూలే, తెలుగువాళ్ల పంచాంగం ఒకటి చెబితే ఒడియావాళ్ల పంచాంగం ఇంకోటి చెబుతుంది, పిల్లలకి రెండు రోజులూ ప్రసాదం.

నేను డాబా మీద దోమల బత్తీ పెట్టుకుని ఫోన్‌లో స్కోరు చూస్తుంటే నాన్న నీళ్లు తాగడానికి లేచి పైకి వచ్చారు. "ఏటమ్మా, నిద్దర్రావట్లేదా?" అన్నారు. చెప్పాను, ఇలా ఒక తెలుగు కుర్రాడు, మొదటిసారి గెలిచేలా ఉన్నాడు, పోయినేడాది ఫీనిక్స్‌లో చేతికి అందినట్టే అంది పోయింది అని. పక్కన కూర్చున్నారు. "ఎన్ని రన్లు కావాల?" అని అడిగారు. రన్లు కాదు నాన్నా, ఎంత తక్కువ కొడితే అంత గొప్ప అని మొదలుపెట్టాను. ఒక్కో హోల్‌కీ ఇన్ని దెబ్బల్లో వెయ్యాలి అని లెక్క ఉంటుంది, అది పార్. ఒకటి తక్కువలో వేస్తే బర్డీ, రెండు తక్కువైతే ఈగల్, ఒకటి ఎక్కువైతే బోగీ. రోజుకి పద్దెనిమిది హోల్స్, నాలుగు రోజులు. మొదటి రెండు రోజులు అయ్యాక పై 65 మంది, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మాత్రమే ముందుకి వెళ్తారు, దాన్ని కట్ అంటారు, మిగతావాళ్లు ఇంటికే, ప్రైజ్ మనీలో పైసా కూడా రాదు.

ఈ ఆఖరి మాట దగ్గర ఆయన ఆగిపోయారు. "రెండ్రోజులు ఆడినా పైసా ఇవ్వరేటి? మరి హోటల్ ఖర్చో, ఆ సంచీ మోసే కుర్రాడి ఖర్చో?" మా నాన్న రైస్ మిల్లులో లెక్కలు రాసి రిటైరైన మనిషి. ఆయనకి ఆట అక్కడే అర్థమైంది అనిపిస్తుంది నాకు, ఈ పనిలో నెల జీతం లేదు, ఏ వారానికి ఆ వారమే అని. కిందికి వెళ్లి పాత లెడ్జర్ పుస్తకం, ఎర్ర పెన్ను, నీలం పెన్ను తెచ్చుకున్నారు. గీతలు గీసి, ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అంకెలు వేసి, నేను చెబుతుంటే రాయడం మొదలుపెట్టారు. బర్డీ వస్తే అంకె చుట్టూ సున్నా, బోగీ వస్తే చుట్టూ గడి. ఆప్‌లో అలాగే చూపిస్తారు, అది చూసి ఆయనే పట్టేశారు. సున్నా గీసేటప్పుడు పెన్ను నెమ్మదిగా, గుండ్రంగా తిప్పేవారు, గడి మాత్రం టకటకా నాలుగు గీతలు, మళ్లీ చూడనట్టు.

తెల్లవారుజామున కరెంటు పోయింది. కింద అమ్మ చవితి పనులకి లేచింది, ఎమర్జెన్సీ లైటు వెలుతురులో ఉండ్రాళ్లకి పిండి కలుపుతోంది, పత్రి బుట్ట కడిగి గుమ్మంలో పెట్టింది. మేం ఇద్దరం ఫోన్ మీద వంగి కూర్చున్నాం. నాకు కడుపులో ఒకటే టెన్షన్, ఎందుకంటే ఆధిక్యంలో ఉన్నప్పుడు ఏం జరగొచ్చో ఫీనిక్స్‌లో కళ్లారా చూశాను, ఆ తర్వాత అదే ఏడాది జూన్‌లో ట్రావెలర్స్ టోర్నమెంటులో ఆఖరి హోల్‌కి ఒక షాట్ ముందుండి, బంకర్ అనే ఇసుక గుంటలో ఇరుక్కుని డబుల్ బోగీ (పార్ కంటే రెండు ఎక్కువ) చేసి పోగొట్టుకోవడమూ చూశాను. నాన్న మాత్రం "నడస్తన్నాడు కదా, నడవనీ" అనేవారు. ఆఖరికి 68. మొత్తం 267, పార్ కంటే 21 తక్కువ, కొరియా ఆటగాడు ఎస్.హెచ్. కిమ్ కంటే రెండు షాట్లు ముందు. రెండు షాట్ల ఆధిక్యంతో మొదలుపెట్టి సరిగ్గా రెండు షాట్ల తేడాతోనే ముగించాడు, దాన్ని నాన్న ఎర్ర పెన్నుతో కింద రెండు గీతలు కొట్టి మూసేశారు, ఏడాది చివర లెక్కలు మూసినట్టు.

నేను అరిచిన అరుపుకి మావుసీ గేటు దగ్గరికి వచ్చి "జితిలా కి?" అని కేకేసింది, ఎవరు ఏం గెలిచారో ఆవిడకి తెలియదు పాపం. గెలిచాడు మావుసీ అన్నాను. సరే అయితే అని నవ్వి, అమ్మకి ఇమ్మని రెండు కొబ్బరికాయలు ఇచ్చి వెళ్లింది.

అప్పటి నుంచి నాన్న వదల్లేదు. 2023 ఏప్రిల్‌లో అగస్టాలో జరిగిన మాస్టర్స్ (గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నమెంట్లలో ఒకటి) వీడియోలు వెనక్కి వెళ్లి చూశారు. సాహిత్‌కి అదే మొదటి మాస్టర్స్, తొమ్మిదో స్థానం పంచుకున్నాడు, ఆదివారం పదహారో హోల్‌లో గ్రీన్ బయటి నుంచి వేసిన చిప్ (బంతిని కొద్దిగా లేపి కొట్టే చిన్న షాట్) నేరుగా హోల్‌లో పడింది. 2005లో టైగర్ వుడ్స్ అదే హోల్‌లో అలాగే వేసిన షాట్ గుర్తున్నవాళ్లకి ఆ ఆనందం వేరు.

నాన్నకి, మా తమ్ముడికి పెద్ద గొడవ జరిగింది మాత్రం 2024 సెప్టెంబరులో. ప్రెసిడెంట్స్ కప్, అంటే అమెరికా జట్టుకీ యూరప్ కాని మిగతా దేశాల జట్టుకీ మధ్య పోటీ, కెనడాలో రాయల్ మాంట్రియల్ కోర్సు. సాహిత్ అమెరికా జట్టులో ఆడాడు. "మనవాడు మనవాడు అని మీరు రాత్రులు మేలుకుంటారు, ఆడేమో అమెరికా జెండా వేసుకుని ఆడతన్నాడు" అని తమ్ముడు. వదిలేస్తాడు అనుకున్నాను, వదల్లేదు. నాన్న చాలాసేపు విని, "మనం ఓటేసేది ఒడిశాలో, బడిలో చదివింది ఒడియా, ఇంట్లో మాట్లాడేది తెలుగు. నిన్నెవడైనా ఎవరివాడివి అని అడిగితే ఊరుకుంటావా?" అన్నారు. తమ్ముడు టీ తెస్తానని లేచాడు. మా ఊళ్లో పుట్టినవాళ్లకి ఈ ప్రశ్న చిన్నప్పటి నుంచీ అలవాటే, అందుకే నాన్నకి జవాబు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఇంకో సంగతి చెప్పాలి, నాకు సాహిత్ మీద గౌరవం పెరిగింది అక్కడే. 2024 ఆగస్టు 31, అట్లాంటాలో ఈస్ట్ లేక్ కోర్సు, సీజన్ ఆఖరి పోటీ అయిన టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్. మూడో హోల్‌లో బంతి ఫెయిర్‌వే (గ్రీన్ దాకా ఉండే గడ్డి దారి) దగ్గరి బంకర్‌లో పడింది. షాట్ కోసం క్లబ్ (గోల్ఫ్ కర్ర) వెనక్కి తీసేటప్పుడు అది ఇసుకని తాకిందని అతనికి అనిపించింది, అలా తాకకూడదు. టీవీలో చూస్తున్న మాకు ఏమీ కనబడలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. తనే అధికారిని పిలిచి చెప్పాడు, రెండు షాట్ల పెనాల్టీ పడింది. ఆఖరికి షెఫ్లర్ మొదటి స్థానం, కాలిన్ మొరికావా రెండు, సాహిత్ మూడు. మొరికావాకీ తనకీ తేడా ఎంతో తెలుసా? రెండు షాట్లు. రెండో స్థానానికి 12.5 మిలియన్ డాలర్లు, మూడో స్థానానికి 7.5 మిలియన్లు. నాన్న కాగితం మీద లెక్క వేశారు, రెండో స్థానం ఇద్దరూ పంచుకుని ఉంటే చెరో పది మిలియన్లు. ఇరవై ఏళ్లు మిల్లులో తూకం చిట్టీలు చూసిన మనిషి, ఆ కాగితం చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు. తర్వాత "ఈ కుర్రాడు కట్‌లో పోయినా సరే, నేను రాస్తాను" అన్నారు. అలాగే రాస్తున్నారు, శుక్రవారంతో ముగిసిన వారాలకి కూడా పేజీ ఉంది ఆ పుస్తకంలో.

మీరూ ఫాలో అవుదాం అనుకుంటే నా సలహా ఒకటే, ఆదివారం కోసం ఆగొద్దు. గురువారం నుంచి ఒక్కరిని పట్టుకోండి. మనకి శనివారం పొద్దున కాఫీ టైముకి కట్ సంగతి తేలిపోతుంది, నిజానికి ఆదివారం కంటే ఎక్కువ టెన్షన్ అక్కడే, అరవయ్యో స్థానంలో ఉన్నవాడి ఆఖరి పుట్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్) చూడండి ఒకసారి. మాస్టర్స్ ఏప్రిల్‌లో వస్తుంది, అగస్టా టైముకీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా, కాబట్టి ఆఖరి రోజు తెల్లవారుజాము నాలుగున్నర దాకా మేలుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్లు నేరుగా వెళ్తే మాత్రం ఒక గుంపు వెంటే నడవండి, వాళ్ల కంటే ఒక హోల్ ముందుకి వెళ్లి గ్రీన్ పక్కన తాడు దగ్గర నిలబడండి, ఆటగాడు బంతి మీదకి వంగగానే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోండి. మంచి బూట్లు వేసుకోండి, చీరలో వచ్చిన మా అత్తగారు కూడా బూట్లతోనే పద్దెనిమిది హోల్స్ నడిచారు.

రేపు పొద్దున మేమంతా గండాహతి జలపాతానికి వెళ్తున్నాం, ఆ వీడియో విడిగా పెడతాను. గోల్ఫ్ గురించి ఏమైనా డౌట్లు ఉంటే అడగండి, స్కోరు కార్డు ఎలా చదవాలో నాన్న చేతే ఒక వీడియో చేయిస్తాను, లెడ్జర్ పుస్తకం చూపించడానికి ఆయన ఒప్పుకున్నారు.