ఇంట్లో లైసెన్స్ సర్వర్: ఫ్లెక్స్‌నెట్ ఎక్కడ మొరాయిస్తుంది?

అందరికీ నమస్కారం. చిప్ డిజైన్ టూల్స్, మ్యాట్‌ల్యాబ్ వంటివి వాడేవాళ్లకు ఫ్లెక్స్‌నెట్ పరిచయమే. టూల్ లైసెన్సులను నెట్‌వర్క్‌లో పంచే సాఫ్ట్‌వేర్ అది. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కున్న ఫ్లోటింగ్ లైసెన్సును (ఒకరు వాడి వదిలాక ఇంకొకరు తీసుకునేది) ఇంటి నెట్‌వర్క్‌లో నడపడం గురించి మాట్లాడుకుందాం. సర్వర్ ఎక్కడ పెట్టాలో, ఎవరు వాడాలో చాలా ఒప్పందాల్లో ముందే రాసుంటుంది. అది చదివాకే మిగతా పని.

సర్వర్‌కి చిన్న మెషీన్ చాలు, లోడు ఏమంత ఉండదు. రాస్ప్‌బెర్రీ పై మాత్రం పక్కన పెట్టండి. వెండర్ డీమన్లు, అంటే టూల్ కంపెనీ ఇచ్చే, వెనకాల నడుస్తూ లైసెన్సులు అందించే ప్రోగ్రాములు, ఎక్కువగా ఇంటెల్ తరహా 64 బిట్ ప్రాసెసర్లకే వస్తాయి. పాత మినీ పీసీ ఉంటే అదే మేలు.

లైసెన్స్ ఫైలు మామూలు టెక్స్టే. 'సర్వర్' వరుసలో మెషీన్ పేరు, హోస్ట్ ఐడీ, పోర్టు ఉంటాయి. పేరూ పోర్టూ మనం మార్చుకోవచ్చు. హోస్ట్ ఐడీ మారిస్తే ఫైల్లోని కంపెనీ డిజిటల్ సంతకం చెల్లదు, మైనస్ 8 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది. ఫైలు ముట్టుకోకుండా వేరే మెషీన్‌లో పెడితే మైనస్ 9. హోస్ట్ ఐడీ అంటే సాధారణంగా నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్, అంటే ఆ కార్డు గుర్తింపు నంబరు. ఇంట్లో తంటా అంతా ఇక్కడే. యూఎస్‌బీ అడాప్టర్ పీకి ఇంకోదానికి పెడతాం, వైఫై ర్యాండమ్ మ్యాక్ చూపిస్తుంది, డాకర్ కంటైనర్ మళ్లీ సృష్టిస్తే మ్యాక్ మారిపోవచ్చు. బోర్డు మీది ఈథర్‌నెట్ పోర్టు ఐడీయే కంపెనీకి పంపండి. వర్చువల్ మెషీన్ అయితే మ్యాక్ చేత్తో రాసి స్థిరం చేయండి, అయినా కొన్ని డీమన్లు వర్చువల్ మెషీన్‌ని ఒప్పుకోవు.

లినక్స్‌లో ఇంకో చిక్కు. డీమన్ ఫైలు కళ్లెదుటే ఉన్నా 'అలాంటి ఫైలు లేదు' అంటుంది. లేనిది డీమన్ కాదు, అది వెతికే ఎల్‌ఎస్‌బీ లోడర్, అంటే ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కించే ఫైలు. 64 బిట్ లైబ్రరీల డైరెక్టరీలో ఆ పేరుతో మామూలు లోడర్‌కి సింబాలిక్ లింకు ఇస్తే నడుస్తుంది. డీమన్‌ని రూట్‌గా నడపకండి, విడిగా ఒక యూజర్ ఖాతా చేయండి.

ఇక పోర్టులు. ఎల్‌ఎంజీఆర్‌డీకి (క్లయింట్లు మొదట పలకరించే ఫ్లెక్స్‌నెట్ ముఖ్య ప్రోగ్రామ్) 27000 ఇచ్చి ఫైర్‌వాల్‌లో తెరిచి, పని అయిపోయిందనుకుంటారు. కానీ లైసెన్సు ఇచ్చేది వెండర్ డీమన్. దానికి మనం పోర్టు చెప్పకపోతే రీస్టార్టు చేసినప్పుడల్లా ఖాళీగా ఉన్నది ఏదో ఒకటి పట్టుకుంటుంది. నిన్న పనిచేసింది ఇవాళ ఆగిపోయేది అందుకే. 'వెండర్' వరుసలో పోర్టు 27010 అని రాసి, రెండూ తెరవండి. సర్వర్ స్థితి చూపే ఎల్‌ఎంస్టాట్ కమాండ్‌లో మైనస్ 15 అంటే సర్వర్‌నే చేరలేదు. మైనస్ 97 అంటే సర్వర్ ఉంది, వెండర్ డీమన్ లేవలేదు. లాగ్ ఫైలు చూడండి. క్లయింట్‌లో ఐపీ ఇచ్చినా మైనస్ 96 వస్తే 'సర్వర్' వరుసలోని పేరు అక్కడ దొరకడం లేదని. రౌటర్‌లో ఐపీ రిజర్వ్ చేసి, ఆ పేరును క్లయింట్ల హోస్ట్స్ ఫైల్లో రాయండి.

పాత పీసీలో గడియారం బ్యాటరీ, అదే 2032 సెల్, అయిపోతే తేదీ తారుమారవుతుంది. ముందుకు దూకి మళ్లీ సరైన తేదీకి వస్తే, మధ్యలో పుట్టిన ఫైళ్లకు భవిష్యత్తు తేదీలు మిగులుతాయి. అవి చూసి కొన్ని డీమన్లు గడియారం వెనక్కి తిప్పారంటూ మైనస్ 88 ఇస్తాయి. సెల్ మార్చి, నెట్ నుంచి సమయం సరిచూసే ఎన్‌టీపీ పెట్టి, ఆ ఫైళ్ల తేదీలు సరిచేయాలి.

ఎవరికి ఎన్ని లైసెన్సులో నియమాలు రాసుకునే ఆప్షన్స్ ఫైల్లో, ఒకరి పేరున లైసెన్సు పక్కన పెట్టే 'రిజర్వ్' జోలికి పోకండి. ఆ మనిషి టూల్ తెరవకపోయినా ఆ లైసెన్సు ఇంకెవరికీ దొరకదు. దానికంటే 'టైమౌట్‌ఆల్ 3600' నయం, గంటసేపు ఖాళీగా ఉన్నది వెనక్కి వస్తుంది. టూల్ దాన్ని సమర్థించాలి.

బయటి నుంచి వాడాలంటే రౌటర్‌లో 27000 తెరవకండి. ఒప్పందం అనుమతిస్తే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ పెట్టండి. ఎల్‌ఎంజీఆర్‌డీని 'లోకల్' ఆప్షన్‌తో లేపితే ఇంకో మెషీన్ నుంచి ఎవరూ ఎల్‌ఎండౌన్ కమాండ్ కొట్టి దాన్ని ఆపలేరు.