ఇంటి గాలిమర: కొనేముందు గాలిని కొలవండి

శ్రోతలకు నమస్కారం.

ఇంటికి ఒక చిన్న గాలిమర పెట్టుకుంటే కరెంటు బిల్లు టెన్షన్ తగ్గుతుందా? ఎంత ఖర్చవుతుంది? ఎలాంటి మర కొనాలి? ఈ మూడు ప్రశ్నలూ చాలామంది ఒకేసారి అడుగుతారు. వీటికి జవాబు చెప్పేముందు ఒక మనిషి కథ చెప్పాలి. నాకు చాలా ఇష్టమైన కథ కాబట్టి కాస్త తీరిగ్గానే చెబుతాను.

1920లలో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో మార్సెలస్ జేకబ్స్ అనే యువకుడు ఉండేవారు. వాళ్లది పట్టణానికి చాలా దూరంగా ఉన్న పశువుల క్షేత్రం. కరెంటు తీగ ఆ చుట్టుపక్కలకే రాలేదు. ఇంజనుతో నడిచే చిన్న జనరేటర్ ఒకటి ఉండేది గానీ, దానికి ఇంధనం అంత దూరం నుంచి మోసుకురావాలి. బయట చూస్తే ఊరికే వీచిపోతున్న గాలి. సరే, ఆ గాలితోనే జనరేటర్‌ను తిప్పుదామని జేకబ్స్, ఆయన సోదరుడు జో పని మొదలుపెట్టారు.

మొదట, పొలాల్లో నీళ్లు తోడే గాలిమరను తీసుకున్నారు. దానికి చుట్టూ బోలెడన్ని రేకు రెక్కలుంటాయి. దానికి పాత ఫోర్డ్ కారు వెనక ఇరుసు బిగించి చూశారు. తిరిగింది, కానీ చాలా నెమ్మదిగా. నీళ్లు తోడే మరకు బలం కావాలి, కరెంటు పుట్టించే మరకు వేగం కావాలి. అన్ని రెక్కలుంటే ఆ వేగం రాదు. జేకబ్స్‌కు విమానం నడపడం వచ్చు. ప్రొపెల్లర్ ఎంత వేగంగా తిరుగుతుందో ఆయనకు బాగా తెలుసు. దాంతో రేకు రెక్కలన్నీ పక్కన పెట్టి, ప్రొపెల్లర్ లాంటి రెండు రెక్కలతో మర కట్టారు.

వేగం వచ్చింది. దాంతోపాటే కొత్త చిక్కూ వచ్చింది. గాలి దిక్కు మారినప్పుడల్లా వెనక ఉన్న తోక మరను అటు తిప్పుతుంది కదా, అలా తిరిగేటప్పుడు మర మొత్తం వణికిపోయేది. ఎందుకంటే, రెక్కలు రెండూ నిలువుగా ఉన్న క్షణంలో మర సులువుగా పక్కకు తిరుగుతుంది. అడ్డంగా ఉన్న క్షణంలో మొరాయిస్తుంది. ఒక్కో చుట్టుకూ రెండు కుదుపులు. అలాంటి కుదుపులు రోజూ వేలకొద్దీ పడితే ఏ ఇనుమైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? జేకబ్స్ మూడో రెక్క పెట్టారు. వణుకు తగ్గిపోయింది. ఇప్పుడు మనం చూసే గాలిమరల్లో ఎక్కువ వాటికి మూడు రెక్కలు ఉండటానికి ఇదొక పెద్ద కారణం.

ఇక తుఫాను గాలి సంగతి. గాలి మితిమీరితే రెక్కలు వాటంతట అవే వాలు మార్చుకుని, వేగాన్ని అదుపులో పెట్టుకునే ఏర్పాటు చేశారు. మనిషి పైకెక్కి ఆపాల్సిన అవసరం లేదు. 1933లో అమెరికా అన్వేషకుడు రిచర్డ్ బైర్డ్ బృందం అంటార్కిటికాకు వెళ్తూ జేకబ్స్ మర ఒకటి తీసుకెళ్లి, లిటిల్ అమెరికా అనే తమ స్థావరంలో నిలబెట్టింది. 1955లో మళ్లీ అక్కడికి వెళ్లినవాళ్లు చూస్తే, దాని రెక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయట! అంత మంచులో, అంత గాలిలో, చూసేవాళ్లు లేకుండా. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు ఆ అన్నదమ్ముల మీద గౌరవం పెరుగుతుంది. వాళ్లు దాదాపు 30 వేల మరలు తయారుచేశారని చెబుతారు. తర్వాత పల్లెలకు కరెంటు తీగలు వచ్చాయి, ఇంటి గాలిమరకు గిరాకీ పోయింది.

ఇప్పుడు మన ప్రశ్నల దగ్గరికి వద్దాం. ఏ రకం మర? మూడు రెక్కలతో, గాలికి ఎదురుగా తిరిగే మామూలు రకం ఒకటి. నిలువు ఇరుసు చుట్టూ తిరిగే రకం ఇంకొకటి. నిలువు రకానికి గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా పరవాలేదు, చూడటానికీ ముచ్చటగా ఉంటుంది. కానీ పెట్టిన డబ్బుకు వచ్చే కరెంటు సాధారణంగా తక్కువ. నన్నడిగితే ఇంటికి మూడు రెక్కల మామూలు మరే మేలు. ఎవరైనా తమ మర గాలిలోని శక్తినంతా పట్టేస్తుందంటే నమ్మకండి. ఏ మరైనా అందులో 59.3 శాతానికి మించి తీసుకోలేదని ఆల్బర్ట్ బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వందేళ్ల కిందటే లెక్కగట్టారు. మంచి చిన్న మర అందుకునేది దాదాపు 30 శాతం.

దానికంటే ముఖ్యమైనది గాలి వేగం. గాలి వేగం రెట్టింపయితే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మళ్లీ చెబుతున్నాను, రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు. రెక్కలు తిరిగే వలయం రెండు మీటర్ల వెడల్పున్న మర ఒకటి తీసుకుందాం. సెకనుకు 10 మీటర్ల గాలిలో అది 500 వాట్లకు పైగా ఇవ్వగలదు. అదే గాలి సెకనుకు 5 మీటర్లకు పడిపోతే 70 వాట్లు కూడా కష్టమే. 3 మీటర్లకు పడిపోతే ఇక చెప్పుకోవడానికేమీ ఉండదు.

అమ్మేవాళ్లు 'ఇది ఒక కిలోవాట్ మర' అంటారు. ఏ గాలిలో కిలోవాట్? సాధారణంగా సెకనుకు 11, 12 మీటర్ల గాలిలో. అంటే చెట్ల పెద్ద కొమ్మలు ఊగిపోయే గాలి, గొడుగు పట్టుకోలేని గాలి. అలాంటి గాలి ఏడాదిలో ఎన్ని గంటలు వీస్తుందో ఆలోచించండి. అందుకే కిలోవాట్ల అంకె పక్కన పెట్టి, రెక్కల వలయం వెడల్పు ఎంతో అడగండి. వెడల్పు రెట్టింపయితే పట్టే గాలి నాలుగు రెట్లవుతుంది.

డాబా మీద పెట్టుకోవచ్చా అని తప్పకుండా అడుగుతారు. వద్దనే చెబుతాను. బ్రిటన్‌లో 2007, 2008 ప్రాంతంలో భవనాల మీద బిగించిన 26 చిన్న గాలిమరలు ఎంత కరెంటు ఇస్తున్నాయో కొలిచారు. దాన్ని వార్విక్ విండ్ ట్రయల్స్ అంటారు. ఒక్కో మర సగటున రోజుకు ఇచ్చింది 214 వాట్ అవర్లు. ఒక 9 వాట్ల ఎల్ఈడీ బల్బు రోజంతా వెలగడానికి సరిపోయేంత, అంతే! పాడైపోయి, లేదా ఆపేసి ఉంచిన రోజులు కూడా ఆ సగటులో కలిసి ఉన్నాయనుకోండి. అయినా ఆశించినదానికి అది చాలా చాలా తక్కువ. ఎత్తైన భవనాల మీద పెట్టినవి కాస్త బాగా పనిచేశాయి గానీ, చప్పుడు భరించలేకపోతున్నామని అక్కడ ఉండేవాళ్లు చెప్పడంతో ఆపాల్సి వచ్చింది.

డాబాల మీద గాలి ఎందుకు పనికిరాదంటే, ఇళ్లూ చెట్లూ దాన్ని చిందరవందర చేస్తాయి. సుడులు తిరిగే గాలిలో కరెంటు తగ్గుతుంది, మర తొందరగా అరుగుతుంది, వణుకు గోడల్లోకి దిగుతుంది. చాలాకాలంగా పాటిస్తున్న నియమం ఒకటుంది. 150 మీటర్ల లోపల ఉన్న ఏ చెట్టు కంటే, ఏ ఇంటి కంటే అయినా రెక్కల కింది అంచు కనీసం 9 మీటర్లు ఎత్తులో ఉండాలి. చుట్టూ పది మీటర్ల చెట్లుంటే టవర్ కనీసం ఇరవై మీటర్లు ఉండాలన్నమాట.

ఖర్చు అసలు అక్కడే ఉంది. అందరూ మర ధర అడుగుతారు. టవర్, పునాది, కేబుల్, ఇన్వర్టర్, బిగింపు కూలి కలిపితే చాలాసార్లు మర ధరను మించిపోతాయి. బ్యాటరీలు పెట్టుకుంటే అవీ తోడవుతాయి, వాటిని కొన్నేళ్లకోసారి మార్చాలి. బ్యాటరీ నిండిపోయాక మిగిలిన కరెంటును వేడిగా ఖర్చుచేసే హీటర్ లాంటి ఏర్పాటు కూడా కావాలి. సోలార్ ప్యానెల్‌ను తీగ నుంచి విడదీస్తే ఏమీ కాదు. గాలిమరను అలా వదిలేస్తే పగ్గం లేకుండా తిరిగి పాడైపోతుంది. ఏటా ఒకసారి బోల్టులు, రెక్కలు, బేరింగులు చూడాలి. స్థలం ఉంటే స్టే వైర్లతో, అంటే చుట్టూ నేలకు లాగి కట్టే తీగలతో నిలబెట్టి, అవసరమైనప్పుడు నేల మీదికి వంచుకునే టవర్ తీసుకోండి. క్రేన్ పిలిచే పని ఉండదు, ఎవరూ పైకెక్కే ప్రమాదం ఉండదు. డబ్బు సరిపోకపోతే చిన్న మర కొనండి, టవర్ ఎత్తు మాత్రం తగ్గించకండి.

అన్నిటికంటే ముందు, మర కొనకముందే గాలిని కొలవండి. ఇవాళ నేను చెప్పేదాంట్లో ఇదొక్కటి చేసినా చాలు. గ్లోబల్ విండ్ అట్లాస్ అనే వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం సగటు గాలి వేగం ఉచితంగా చూడొచ్చు. కానీ మీ పక్కింటి గోడ, మీ వెనక ఉన్న చెట్టు అందులో కనబడవు. అందుకని గాలి వేగం కొలిచి నమోదుచేసే పరికరం ఒకటి, మర పెట్టాలనుకున్న ఎత్తుకు వీలైనంత దగ్గరగా, ఒక పొడవాటి గొట్టం మీద బిగించండి. ఏడాది పాటు కొలిస్తే మంచిది. ఏడాది కుదరకపోతే గాలి ఎక్కువగా వీచే నెలలూ, అసలు వీయని నెలలూ రెండూ అందులో ఉండేలా చూసుకోండి.

ఏడాది సగటు సెకనుకు 4 మీటర్లు కూడా రాకపోతే ఆ డబ్బు సోలార్ ప్యానెళ్లకు పెట్టండి. 5 మీటర్లు దాటితే అమ్మేవారి దగ్గరికి ఆ అంకె తీసుకెళ్లి, 'ఈ సగటు గాలిలో మీ మర ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తుంది? కాగితం మీద రాసివ్వండి' అని అడగండి. టవర్‌తో సహా మొత్తం ఖర్చును, మర పనిచేసే ఏళ్లలో వచ్చే మొత్తం యూనిట్లతో భాగిస్తే యూనిట్ ఎంతకు పడుతుందో తెలుస్తుంది. దాన్ని మీ కరెంటు బిల్లులో ఉన్న యూనిట్ ధర పక్కన పెట్టి చూడండి. నమస్కారం.