కొత్త కంప్యూటర్‌తో పాత పామ్ టంగ్‌స్టన్ ఈ ఎంతవరకు పనిచేస్తుంది?

నమస్కారం. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే మా నాన్నగారు, ఏ తోటలో ఎప్పుడు దింపు తీశారో, ఎన్ని కాయలు వచ్చాయో, వెయ్యి కాయలకు ఎంత ధర కుదిరిందో నేటికీ రాసుకుంటున్నది ఇదిగో, 2003లో విడుదలైన పామ్ టంగ్‌స్టన్ ఈ అనే ఈ చేతి కంప్యూటర్‌లోనే. తెర కింద ఉన్న రాత పలకను దగ్గరగా చూపిస్తున్నాను, గమనించండి. ఎడమ భాగం అక్షరాలకు, కుడి భాగం అంకెలకు. తెలుగు లిపి లేదు కనుక రైతుల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా రాస్తారు; కాయల లెక్క మాత్రం పూర్తిగా రాయాలి. అందుకే కుడి వైపే ఎక్కువ అరిగిపోయింది.

పరికరం ఇప్పటికీ చురుగ్గానే ఉంది. అయితే ఇందులోని 32 మెగాబైట్ల మెమరీ బ్యాటరీ మీద ఆధారపడి నిలుస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే రాసినదంతా చెరిగిపోతుంది. 2018 డిసెంబరులో పెథాయ్ తుపాను వచ్చినప్పుడు మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. కరెంటు వచ్చాక ఛార్జింగ్ పెట్టి తెరిస్తే, కొత్తగా కొన్నదానిలాగా తెర మీది గుర్తులను తాకమని అడిగింది. అప్పట్లో విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్ ఇంకా బతికే ఉండడం వల్ల, హాట్‌సింక్ చేయగానే, అంటే పామ్‌ను కంప్యూటర్‌కు కలిపి రెండింటిలోని సమాచారాన్ని ఒకేలా చేయగానే, లెక్కలన్నీ తిరిగి వచ్చాయి.

ఆ కంప్యూటర్ ఇప్పుడు లేదు. కొత్తదానిలో 64 బిట్ విండోస్ ఉంది. పామ్‌తో సింక్ చేసే పామ్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అందులో తెరుచుకుంటుంది గాని, తీగ పెట్టినా పరికరాన్ని గుర్తించదు. పరికరాన్ని గుర్తించడానికి కావలసిన యూఎస్‌బీ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామును పామ్ సంస్థ 32 బిట్ విండోస్‌కే ఇచ్చింది. 64 బిట్ విండోస్ ఆ డ్రైవర్‌ను లోపలికి రానివ్వదు. పామ్‌లోనే టీఎక్స్, టంగ్‌స్టన్ ఈ2 నమూనాలు ఉన్నవారు బ్లూటూత్ ద్వారా ఈ చిక్కును దాటవచ్చు. మా దానిలో బ్లూటూత్ లేదు.

అందుచేత అదే కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు వాడుకోగల లినక్స్ వేసి, పామ్‌తో సింక్ చేసే పైలట్-లింక్, జే-పైలట్ అనే రెండు ఉచిత ప్రోగ్రాములు పెట్టాను. జే-పైలట్ సెట్టింగులలో పోర్టు దగ్గర ‘యూఎస్‌బీ’ అనే మూడక్షరాలను ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాసి, పక్కనే కోలన్ పెట్టాలి. లినక్స్‌లో ముందే ఉండే ‘వైజర్’ అనే డ్రైవర్ పరికరాన్ని తన అధీనంలోకి తీసుకుంటే ఈ పద్ధతికి అడ్డు వస్తుంది కనుక దాన్ని ఆపివేయాలి. పామ్ సంస్థ యూఎస్‌బీ గుర్తింపు సంఖ్య 0830తో, పరికరాన్ని వాడుకోనిచ్చే అనుమతి నియమం ఒకటి లినక్స్‌లో రాస్తే, సాధారణ యూజర్‌గానే సింక్ చేసుకోవచ్చు. పామ్ తెర మీద హాట్‌సింక్ తాకనంత వరకు కంప్యూటర్‌కు అసలు పరికరమే కనిపించదు. అది తెలియక తీగ పాడైందని నేను రెండు రోజులు పొరబడ్డాను.

జే-పైలట్‌లో రెండు బటన్లు ఉన్నాయి. ‘సింక్’ నొక్కితే చిరునామాలు, తేదీలు, పనులు, మెమోలు మాత్రమే రెండు వైపులా ఒకేలా అవుతాయి. ‘బ్యాకప్’ నొక్కితే మిగిలిన ప్రోగ్రాముల ఫైళ్లు కూడా కంప్యూటర్‌లోకి వస్తాయి. మొదటిసారి తప్పనిసరిగా బ్యాకప్ చేయండి.

బ్యాకప్ నిజంగా పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి, నాన్నగారి అనుమతితో, ఆయన ఎదుటే మెమరీ మొత్తం చెరిపాను. పవర్ బటన్ పట్టుకుని, వెనుక ఉన్న సన్నని రంధ్రంలో రీసెట్ నొక్కాను. ఖాళీ తెర చూసి ఆయన ఏమీ అనలేదు గాని, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. జే-పైలట్‌లో ‘రీస్టోర్ హ్యాండ్‌హెల్డ్’ ఎంచుకుని, యూజర్ పేరు మునుపటిదే ఇచ్చాను. పని పూర్తయ్యాక ఆయనే స్టైలస్ అందుకుని మెమోలు తెరిచి, చివరి దింపు లెక్క దగ్గర వేలు పెట్టి చూపించారు.

ఒక్క మెమో కూడా తప్పలేదు కనుక, ఈ పరికరాన్ని లినక్స్‌తో వాడుకోవచ్చని నేను నిస్సంకోచంగా చెబుతాను. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం సాయంత్రం సింక్ చేస్తున్నాము. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వింటే మాత్రం ఆదివారం దాకా ఆగకుండా నాన్నగారే తీగ తెచ్చి బల్ల మీద పెడుతున్నారు.