పేరు ఒకటే, ప్లేటు వేరు: ఇంటి స్టీరియోలో ఇప్పుడు వింటున్న ఆల్బమ్‌లు

హోస్ట్: నమస్కారం. ఇంట్లో మంచి స్టీరియో పెట్టుకుని శ్రద్ధగా వినేవాళ్లు ఇప్పుడు ఏ ఆల్బమ్‌లు వేస్తున్నారన్నది ఇవాళ్టి విషయం. పేర్లు చదివేసి వదిలేయం. ఒక్కోదాంట్లో ఏ ఎడిషన్ వెతుక్కోవాలో, అది సరిగ్గా వినబడాలంటే ఏం సర్దుకోవాలో కూడా చూద్దాం.

గెస్ట్: ఎడిషన్ సంగతి ముందే ఎత్తారు, మంచిదైంది. ఒకే ఆల్బమ్ విని ఒకరు ఆహా అంటారు, ఇంకొకరు పెదవి విరుస్తారు. చాలాసార్లు ఆ ఇద్దరూ విన్న మాస్టరింగ్, అంటే ప్లేటుకో సీడీకో ఎక్కించే ముందు ధ్వనిని చివరిసారి సర్దే పని, ఒకటి కాదు. నన్నడిగితే ఆంప్లిఫయర్ మార్చడం కన్నా ముందు ప్లేటు మార్చి చూడాలి.

హోస్ట్: సరే, మొదటిది?

గెస్ట్: "ఎ మీటింగ్ బై ద రివర్". విశ్వమోహన్ భట్ మోహన వీణ (గిటార్‌ని మార్చి చేసిన వాయిద్యం), రై కూడర్ స్లైడ్ గిటార్. 1993లో వాటర్ లిలీ అకౌస్టిక్స్ విడుదల చేసింది, మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. శాంటా బార్బరాలో ఒక ప్రార్థనా మందిరంలో రికార్డు చేశారు. వాయిద్యానికొక మైకు పెట్టి తర్వాత కలిపింది కాదు. బ్లూమ్‌లైన్ పద్ధతిలో రెండే మైకులు.

హోస్ట్: ఆ పద్ధతి కాస్త విప్పి చెప్పండి.

గెస్ట్: ముందూ వెనకా రెండువైపులా వినే మైకులు రెండు తీసుకుని, ఒకే చోట, 90 డిగ్రీల కోణంలో పెడతారు. ముందువైపు వాయిద్యాలు పడతాయి, వెనకవైపు హాలు పడుతుంది. అందుకే ఇందులో తీగ మీటిన శబ్దం వెనకాలే ఆ మందిరం గోడల దాకా వెళ్లి తిరిగొచ్చే గాలి కూడా వినిపిస్తుంది. తరబ్ తీగలు, అంటే మీటకుండానే తోడుగా మోగే తీగలు, మోగి, సన్నగిల్లి, ఆ గాలిలో కలిసిపోవడం విడిగా తెలియాలి. తెలియకపోతే లోపం మన గదిలో ఉందన్నమాట.

హోస్ట్: ఉదాహరణకి ఎలాంటి లోపం?

గెస్ట్: మొదట చూడాల్సింది వైర్లు. ఒక స్పీకరుకి ఎరుపూ నలుపూ తారుమారైతే మధ్యలో ఉండాల్సిన ధ్వని మాయమై, గదంతా పలచగా పరుచుకుంటుంది, బేస్ పోతుంది. కొందరు దాన్నే విశాలంగా ఉందని మెచ్చుకుంటారు! పరీక్ష తేలిక. బ్యాలెన్స్ మధ్యలో పెట్టి ఏదైనా మోనో రికార్డింగ్ వేయండి. ధ్వని రెండు స్పీకర్ల నడిమధ్య ఒక్క చుక్కలా నిలబడాలి. నిలబడకపోతే ఆంప్లిఫయర్ ఆపేసి, ఒక్క స్పీకరు దగ్గర మాత్రమే వైర్లు మార్చి మళ్లీ వినండి.

హోస్ట్: వైర్లు సరిగానే ఉన్నాయనుకుందాం.

గెస్ట్: అప్పుడు కొలత టేపు తీయండి. మీ చెవి నుంచి రెండు స్పీకర్లకీ దూరం సమానంగా ఉండాలి, తేడా ఒక సెంటీమీటరు దాటనివ్వకండి. స్పీకర్ల మధ్య దూరమూ దాదాపు చెవి నుంచి స్పీకరుకున్నంతే ఉండాలి. స్పీకర్లకీ వాటి వెనక గోడకీ 60 సెంటీమీటర్లయినా ఎడం ఉంటే ఆ మందిరం లోతు బయటపడుతుంది. ఆ తర్వాత స్పీకర్లని మీవైపు కొంచెం కొంచెం తిప్పుతూ రండి. మరీ ఎక్కువ తిప్పితే రెండు వాయిద్యాలూ మధ్యలోకి జరిగిపోతాయి. అసలు తిప్పకపోతే చెరో మూలకీ పోతాయి.

హోస్ట్: రెండోది నేను చెబుతాను, "కైండ్ ఆఫ్ బ్లూ". జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌ది, 1959. ఇది లేని ఇల్లు తక్కువ.

గెస్ట్: అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగాలి. మార్చి 2న ఒకసారి, ఏప్రిల్ 22న ఒకసారి, న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ల 30వ వీధి స్టూడియోలో రికార్డయింది. అది ఒకప్పటి చర్చి. మార్చిలో వాయించిన మూడూ ఎల్పీ మొదటి వైపు ఉన్నాయి. ఆ రోజు అసలు టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా రికార్డయిన టేపుని సరైన వేగంతో తిప్పితే ఏమవుతుంది?

హోస్ట్: శ్రుతి పెరుగుతుంది.

గెస్ట్: అంతే. అరస్వరం కూడా కాదు, అంతకన్నా బాగా తక్కువే. కానీ దశాబ్దాలపాటు మొదటి వైపు మొత్తం ఆ పెరిగిన శ్రుతిలోనే అమ్ముడైంది. అదే సెషన్‌ని పక్కన ఇంకో మెషీన్ మీద కూడా రికార్డు చేశారు. ఆ టేపు వేగం సరిగ్గా ఉంది. 1990లలో వచ్చిన రీమాస్టర్లలో, అంటే మాస్టరింగ్ మళ్లీ చేసిన ఎడిషన్లలో, దాన్ని వాడి సరిచేశారు. ట్రంపెట్ ఊపిరి, బ్రష్ డ్రమ్ మీద రాసుకునే నిదానం, ఇవి సరైన వేగంలో ఇంకోలా ఉంటాయి. నాకు సరిచేసిందే ఇష్టం. అయితే పాత ప్లేటు టోన్ కోసమే దాన్ని వదలనివాళ్లున్నారు, వాళ్ల చెవినీ తప్పుపట్టలేం.

హోస్ట్: మన దగ్గరున్న ప్లేటు ఏ రకమో తేల్చుకోవడం ఎలా? టర్న్‌టేబుల్ వేగమే తేడాగా ఉండొచ్చు కదా.

గెస్ట్: అందుకే రెండు వైపులూ పోల్చాలి. ఫోన్లో ట్యూనర్ యాప్ పెట్టుకోండి. మొదటి వైపు మొదటి ట్రాక్‌లో బేస్ "డి" స్వరం మీద నిలబడుతుంది. రెండో వైపు మొదటి ట్రాక్‌లో "జి" మీద తిరుగుతుంది. రెండో వైపు సరిపోయి మొదటి వైపు మాత్రమే పైకి చూపిస్తే మీది పాత మాస్టర్. రెండు వైపులూ ఒకే దిశలో, ఒకే మేర తప్పితే తప్పు మీ టర్న్‌టేబుల్‌ది, బెల్టూ స్పీడు స్క్రూ చూసుకోండి. సీడీలోనూ ఫైల్‌లోనూ ఈ రెండో అనుమానం ఉండదు.

హోస్ట్: ఈ ఆల్బమ్‌లో ఇంకేం పట్టి వినాలి?

గెస్ట్: కోల్‌ట్రేన్ టెనర్ శాక్సోఫోన్ ఎడమవైపు, ఆడర్లీ ఆల్టో శాక్సోఫోన్ కుడివైపు, ట్రంపెట్ మధ్యలో. మూడు ట్రాకుల టేపు కాబట్టి ఆ విభజన అంత స్పష్టంగా ఉంటుంది. టెనర్ కుడివైపు వినిపిస్తోందంటే మీ కేబుళ్లు ఎక్కడో అటూఇటూ అయ్యాయి.

హోస్ట్: ఇక "బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్". డైర్ స్ట్రెయిట్స్, 1985. ఎల్పీ కొనాలా సీడీ కొనాలా అని అందరికీ సందేహమే.

గెస్ట్: దీనికి సూటిగా జవాబుంది. రికార్డింగే డిజిటల్, సోనీ 24 ట్రాకుల మెషీన్ మీద. 1985 నాటి ఎల్పీ సుమారు 47 నిమిషాలు, సీడీ సుమారు 55. మొదటి వైపున్న అయిదు పాటల్లో నాలుగింటిని ఎల్పీ కోసం కత్తిరించారు. "వై వరీ" సీడీలో ఎనిమిదిన్నర నిమిషాలు, ఎల్పీలో అయిదున్నర కూడా లేదు. చివర్లో వాయిద్యాలే మిగిలి నెమ్మదిగా సాగే భాగం పోయింది. నా లెక్కలో ఆ పాట ప్రాణం అక్కడే ఉంది.

హోస్ట్: అంత కోసినా ఆ వైపు నిండుగానే ఉంది కదా?

గెస్ట్: 25 నిమిషాల పైనే. ఒక వైపు 20 నిమిషాలు దాటేకొద్దీ సూది నడిచే గాడుల్ని దగ్గర దగ్గరగా కోయాలి, అందుకోసం ధ్వని స్థాయి తగ్గించాలి. స్థాయి తగ్గితే చిటపటలు పైకి తేలతాయి. కాబట్టి 1985 సీడీ అయినా తీసుకోండి, పూర్తి నిడివితో తర్వాత వచ్చిన రెండు ప్లేట్ల ఎడిషన్ అయినా తీసుకోండి. మామూలు ఒంటి ప్లేటుకి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

హోస్ట్: ప్లేటు లోపలి అంచుకొచ్చేసరికి "స"కారాలు చీరుకుపోతున్నాయన్న ఫిర్యాదు ప్రతి ఆల్బమ్ మీదా వినిపిస్తుంది.

గెస్ట్: నిమిషానికి ముప్పై మూడూ ఒకటింట మూడు చుట్లు. బయటి అంచులో సూది కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది, లోపలి అంచులో 21 మాత్రమే. అదే హైఫ్రీక్వెన్సీని సగంకన్నా తక్కువ జాగాలో ఇరికించాలి. సూది కాస్త వంకరగా ఉన్నా అక్కడే బయటపడుతుంది. ప్రొట్రాక్టర్ (కోణం చూసే గీతల అట్ట) పెట్టి, బేర్‌వాల్డ్ లెక్క ప్రకారం ప్లేటు కేంద్రం నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 దగ్గర కార్ట్రిడ్జ్, అంటే సూది ఉండే భాగం, ఆ గీతలకి సమాంతరంగా ఉందో లేదో చూడండి. ఒక చోట సరిపోయి ఇంకో చోట తప్పితే, చేతి చివరనున్న హెడ్‌షెల్‌లో కార్ట్రిడ్జ్‌ని ముందుకో వెనక్కో జరపాలి. తర్వాత సూది ప్లేటు మీద మోపే బరువు. తయారీదారు 1.8 నుంచి 2.2 గ్రాములన్నాడనుకోండి, రెండు గ్రాముల దగ్గర పెట్టండి. ప్లేటు అరిగిపోతుందని 1.5కి దించితే నష్టం ఎక్కువ. తేలికైన సూది గాడిలో కుదురుగా నిలవదు, గోడలకి కొట్టుకుని వాటిని చెక్కేస్తుంది.

హోస్ట్: కొత్త ఆల్బమ్‌లకి వద్దాం. "రాండమ్ యాక్సెస్ మెమరీస్", డాఫ్ట్ పంక్, 2013.

గెస్ట్: ఎలక్ట్రానిక్ బృందమే అయినా ఇందులో చాలామటుకు డ్రమ్సూ బేస్ గిటారూ మనుషులు వాయించినవి. అందుకే గది బేస్ పరీక్షకి ఇంత మంచి ఆల్బమ్ తక్కువ. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. ఇప్పుడు 172ని (సెకనుకి మీటర్లలో ధ్వని వేగంలో సగం) మీ గది పొడవు మీటర్లతో భాగించండి. నాలుగు మీటర్ల గదికి 43 వస్తుంది. అంటే అడుగు తీగ మీది మొదటి రెండు మూడు స్వరాల దగ్గర ఆ గది తనంతట తాను గూంకారం పెడుతుంది. బేస్ గిటార్ మెట్లు దిగుతున్నప్పుడు ప్రతి స్వరం ఒకే బలంతో వినిపిస్తోందా, ఒకటి మాత్రం ఉబ్బుతోందా గమనించండి.

హోస్ట్: ఉబ్బితే?

గెస్ట్: ముందు కుర్చీ జరపండి. మీ వెనక గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ స్వరం అన్నిటికన్నా ఎక్కువగా ఉబ్బుతుంది. గది పొడవులో సరిగ్గా మధ్యన కూర్చుంటే పూర్తిగా పోతుంది. స్పీకర్ల వైపు గోడ నుంచి పొడవులో సుమారు 38 శాతం దగ్గర మొదలుపెట్టి, పది పది సెంటీమీటర్లు జరుగుతూ వినండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఏ కేబులూ చెయ్యలేని పని ఇది.

హోస్ట్: రెండు ఎడిషన్లు పోల్చేటప్పుడు జాగ్రత్తలేమైనా?

గెస్ట్: వాల్యూమ్ సమం చెయ్యకుండా పోల్చొద్దు. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది. ఫైళ్లయితే ప్లేయర్‌లో రీప్లేగెయిన్, అంటే పాటల గట్టిదనాన్ని కొలిచి సమం చేసే సదుపాయం, స్కాన్ చేయండి. ట్రాక్ గెయిన్ కాదు, ఆల్బమ్ గెయిన్ వాడండి, లేదంటే మెల్లగా ఉండాల్సిన పాట కూడా గట్టి పాటతో సమానమైపోతుంది. సమం చేశాక మెటాలికా బృందం "డెత్ మాగ్నెటిక్" 2008 సీడీ విని చూడండి. ధ్వని శిఖరాలని మాస్టరింగ్‌లోనే కోసేశారు, వాల్యూమ్ తగ్గించినా ఆ గరగర పోదు. అదే పాటలు ఒక వీడియో గేమ్ కోసం ఇచ్చిన రూపంలో డ్రమ్ దెబ్బ దెబ్బలాగే ఉంది. ఇది బయటపడినప్పుడే చాలామందికి మాస్టరింగ్ అంటే ఏంటో అర్థమైంది.

హోస్ట్: చివరిగా పాత సీడీలు. 1980ల నాటి కొన్నిటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తే చెవులు గుచ్చుకునేలా వస్తున్నాయంటున్నారు. ప్లేయర్‌లో వేస్తే బానే ఉంటాయి.

గెస్ట్: అది ప్రీ ఎంఫసిస్. అప్పట్లో కొన్ని సీడీల మీద హైఫ్రీక్వెన్సీని పెంచి రాశారు, పైఅంచున దాదాపు పది డెసిబెల్స్. డిస్కులో ఒక గుర్తు ఉంటుంది, ప్లేయర్ దాన్ని చదివి మళ్లీ దించుతుంది. రిప్ చేసిన, అంటే కంప్యూటర్లోకి ఎక్కించిన, ఫైల్‌కి ఆ గుర్తు రాదు, పెరిగింది పెరిగినట్టే ఉండిపోతుంది. సాక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో డీఎంఫసిస్ ఎఫెక్ట్ ఉంది, 44.1 కిలోహెర్ట్జ్ (సీడీ శాంపుల్ రేటు) ఫైల్‌కి నేరుగా వేయొచ్చు. శాంపుల్ రేటు మార్చేశాక కాదు, ముందే వేయాలి. ఇంకోటి, అన్ని డిస్కులకీ గుడ్డిగా వేయకండి. గుర్తు లేనిదానికి వేస్తే తాళాలూ సింబల్సూ దుప్పటి కప్పినట్టయిపోతాయి. కొన్ని రిప్పింగ్ ప్రోగ్రాంల లాగ్‌లో ట్రాక్ ట్రాక్‌కీ ప్రీ ఎంఫసిస్ అవునో కాదో రాసుంటుంది. కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు డిస్కు విషయసూచికలో కాకుండా సబ్‌కోడ్‌లో (పాటతో పాటే రాసిన అదనపు సమాచారంలో) మాత్రమే ఉంటుంది, కాబట్టి రెండూ చదివే ప్రోగ్రాంతో చూసుకోండి.