మోదుగకు వాసన ఎందుకు లేదు

శ్రోతలకు నమస్కారం. శివరాత్రికి భైరవకోన వెళ్ళేవాళ్ళు దారిలో మోదుగ చెట్లు చూసే ఉంటారు. ఆకంతా రాలిపోయి, కొమ్మకు నిప్పంటుకున్నట్టు పూలు. ఒక పువ్వు తీసి వాసన చూడండి. ఏమీ ఉండదు. రంగు దగ్గర అంత దుబారా చేసిన చెట్టు వాసన దగ్గర పిసినారి ఎందుకయిందా అని నాకు చిన్నప్పుడే అనుమానం.

జవాబు ఆ కొమ్మ మీదే ఉంది. నల్లగా నిగనిగలాడే తేనెపిట్ట వచ్చి వంపు ముక్కు పువ్వులో పెడుతుంది. పుప్పొడిని పువ్వు నుంచి పువ్వుకు మోసేది అదే, అందుకే చెట్టు పిలవాల్సింది దాన్నే. పిట్టకు ఎరుపు బాగా కనబడుతుంది, వాసనతో పని తక్కువ. తేనెటీగకేమో ఎరుపు సరిగా ఆనదు.

ఈ లెక్క రోడోడెండ్రాన్లలో ఇంకా బాగా తెలుస్తుంది. ఊటీ కొండల్లో ఎర్రటి గుత్తులు పూసే చెట్టు ఆ జాతిదే. న్యూగినీ, బోర్నియో, సుమత్రా కొండల్లో దాని చుట్టాలు సుమారు 300 రకాలు. వాటిలో చాలా రకాలు పెద్ద చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికేస్తాయి. అక్కడ చలి, మంచు, ముసురు. పురుగులు రెక్క కదపలేని పూట కూడా ఒంట్లో వేడి ఉన్న పిట్ట తిరుగుతుంది. ఎర్రటి, నారింజ రంగు గొట్టం పూలు అక్కడ అన్ని ఉండటానికి ఇదో కారణమంటారు.

తెల్లవీ ఉన్నాయి. ఒకదాని పేరు జాస్మినిఫ్లోరమ్, అంటే మల్లెలాంటి పువ్వు. సన్నటి పొడుగు గొట్టం, మంచి వాసన. ఈ తరహా పూల దగ్గరికి తేనెకోసం వచ్చేవి రాత్రిపూట తిరిగే చిమ్మటలు. చీకట్లో ఎరుపు నల్లబడిపోతుంది, తెలుపే కాస్త ఆనుతుంది. మిగతా దారి వాసన చూపిస్తుంది. నెల్లూరు వీధుల్లో ఆకాశమల్లెదీ ఇదే పద్ధతి. తెల్లారి రాలిన పువ్వు తీసి చూడండి, గొట్టం దాదాపు చూపుడువేలంత. అడుగున ఉన్న తేనె అందాలంటే చిమ్మటకున్నంత పొడుగు తొండం కావాలి.

నాకు బాగా నచ్చింది రోడోడెండ్రాన్ పుప్పొడి. కేసరం కొసన రెండు చిన్న చిల్లులుంటాయి. అందులోంచి పుప్పొడి పొడిలా రాలదు, జిగురు దారాలకు చిక్కుకుని తీగలా సాగుతూ వస్తుంది. పిట్ట నుదురు తగిలిందా, దండకు దండే వెంట వెళ్ళిపోతుంది. పూలు మూరల్లెక్కన కొనే మనకు ఆ సౌకర్యం వేరే చెప్పాలా?

ఎర్రపూల మీద తేనెటీగ అసలు వాలదని కాదు. తేనె ఉంటే అదీ వస్తుంది. పోయినసారి భైరవకోన దారిలో నిలబడి చూస్తే, ఓ ఉడుత మోదుగ పూలు తుంచి, తేనె తాగి, ఒక్కొక్కటీ నా నెత్తిన పడేస్తోంది.